డిస్కు కనిపించదు, తెర నల్లబడుతుంది, వైఫై రాదు: తప్పు ల్యాప్‌టాప్‌దేనా?

ప్రశ్న: బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. నా ల్యాప్‌టాప్ 12వ తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, ఆర్‌టీఎక్స్ 3050. విండోస్ 11 అలాగే ఉంచి పక్కన లినక్స్ వేద్దామనుకున్నాను. సీనియర్ ఇచ్చిన ఉబుంటు 22.04 పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే చాలాసార్లు లోగో తర్వాత తెర నల్లగా ఉండిపోతుంది. ఎలాగో లోపలికి వెళ్తే ఇన్‌స్టాలర్‌లో డిస్కే కనిపించదు, ఆర్‌ఎస్‌టీ (ఇంటెల్ స్టోరేజ్ టెక్నాలజీ) ఆపమంటుంది. వైఫై కూడా లేదు. లినక్స్ మింట్ 21 వేసి చూశాను, అదే తంతు. షాపులో అడిగితే 'ఈ మోడల్‌కి లినక్స్ సపోర్ట్ లేదు' అన్నారు. ఇంకో సంగతి. మా అన్నయ్య అమీర్‌పేటలో రెడ్‌హ్యాట్ కోర్సులో చేరాడు. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంది (కోర్ 2 డుయో ఈ7500, 4 జీబీ). అందులో రెడ్‌హ్యాట్ బాటలో నడిచే ఆల్మాలినక్స్ 9 వేయబోతే కెర్నల్ ప్యానిక్ (సిస్టమ్ లేవకుండా ఆగిపోయే ఎర్రర్) వస్తోంది. ఈ రెండూ లినక్స్‌కి పనికిరానివేనా? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: ల్యాప్‌టాప్‌కి ఢోకా లేదు, అందులో లినక్స్ ఎక్కుతుంది. డెస్క్‌టాప్‌లో మాత్రం ఆల్మా 9 ఎన్నిసార్లు ప్రయత్నించినా ఎక్కదు. దాని సంగతి చివర్లో చూద్దాం.

'ఈ మోడల్‌కి సపోర్ట్ లేదు' అన్న మాట యంత్రం మొత్తాన్నీ ఒకే గాటన కట్టేస్తుంది. లినక్స్‌కి మోడల్ పేరుతో పనిలేదు. లోపల ఉన్న ఒక్కో చిప్‌కీ కెర్నల్‌లో (లినక్స్ మూలభాగంలో) డ్రైవర్ ఉందా లేదా అన్నదే లెక్క. మీ దగ్గర మూడు చిప్‌లు మూడు చోట్ల అడ్డుపడుతున్నాయి. డిస్కు కనపడకపోవడం స్టోరేజ్ కంట్రోలర్ వల్ల, నల్ల తెర గ్రాఫిక్స్ వల్ల, మూడోది వైఫై కార్డు వల్ల. దేని మందు దానికే వేయాలి. మూడింటికీ ఉమ్మడిగా మేలు చేసేది ఒక్కటే ఉంది: ఆ పాత పెన్‌డ్రైవ్‌ని పక్కన పెట్టేయండి.

ఎందుకంటే 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 22.04లో ఉన్నది 5.15 కెర్నల్. అది 2021 అక్టోబర్ చివర్లో విడుదలైంది. మీ 12వ తరం ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు బయటికొచ్చింది 2022లో. అంటే ఆ కెర్నల్ రాసినవాళ్ల చేతికి మీ ల్యాప్‌టాప్ ఇంకా రానేలేదు. మింట్ 21 కట్టింది కూడా ఉబుంటు 22.04 మీదే, కెర్నల్ అదే 5.15. పేరూ వాల్‌పేపరూ మారాయి గానీ హార్డ్‌వేర్‌తో మాట్లాడే ముక్క మారలేదు. అందుకే డిస్ట్రో (ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ రకం) తర్వాత డిస్ట్రో మార్చుకుంటూ పోవడం శుద్ధ దండగ. మార్చాల్సింది కెర్నల్ వెర్షన్. ఉబుంటు 24.04.3 ఐఎస్‌ఓలో (డౌన్‌లోడ్ చేసుకునే ఇన్‌స్టాల్ ఫైలులో) 6.14 కెర్నల్ ఉంది, మింట్ 22.2లోనూ అదే. ఈ రెండిట్లో ఏదైనా, అంతకన్నా కొత్తదైనా తీసుకోండి. మొదటి 24.04లో ఉన్నది 6.8. మీ యంత్రానికి అదీ సరిపోతుంది, కానీ ఎలాగూ కొత్తగా డౌన్‌లోడ్ చేస్తున్నారు కాబట్టి చివరి అంకె పెద్దదే ఎంచుకోండి.

డౌన్‌లోడ్ అవుతుండగా విండోస్‌లోనే రోగ నిర్ధారణ చేసేయొచ్చు. విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. 'స్టోరేజ్ కంట్రోలర్స్' కింద 'ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ వీఎండీ కంట్రోలర్ 467ఎఫ్' అని ఉందేమో చూడండి. ఉంటే డిస్కు ఎందుకు కనపడటం లేదో తేలిపోయినట్టే. (11వ తరం యంత్రాల్లో ఆ చివరి అంకె 9ఏ0బీ అని ఉంటుంది.) తర్వాత 'నెట్‌వర్క్ అడాప్టర్స్'లో వైఫై కార్డు మీద డబుల్ క్లిక్ చేసి, 'డీటెయిల్స్' ట్యాబ్‌లో 'హార్డ్‌వేర్ ఐడీస్' ఎంచుకోండి. వీఈఎన్ పక్కన నాలుగు అక్షరాలు తయారీదారుకి, డీఈవీ పక్కన నాలుగు అక్షరాలు చిప్‌కి గుర్తు. 10ఈసీ, బీ852 అని ఉంటే అది రియల్‌టెక్ ఆర్‌టీఎల్8852బీఈ. 14సీ3, 7902 అని ఉంటే మీడియాటెక్ ఎంటీ7902. ఈ ఎనిమిది అక్షరాలు కాగితం మీద రాసిపెట్టుకోండి. డబ్బా మీద రాసిన 'వైఫై 6' కన్నా ఇవే ఎక్కువ సంగతులు చెబుతాయి.

ఇక డిస్కు. మామూలుగా ఎన్‌వీఎంఈ డిస్కు పీసీఐ బస్సు మీద నేరుగా కనిపిస్తుంది. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే సెటప్‌లో) వీఎండీ, అంటే ఆ 467ఎఫ్ కంట్రోలర్, ఆన్‌లో ఉంటే డిస్కు దాని చాటుకి వెళ్లిపోతుంది. వీఎండీ డ్రైవర్ ఉన్న సిస్టమ్‌కి తప్ప ఇంకెవరికీ కనిపించదు. రెండు మూడు డిస్కుల్ని రైడ్‌గా (ఒకే డిస్కులా) కలపడానికి చేసిన ఏర్పాటు ఇది. ఒక్క డిస్కున్న ల్యాప్‌టాప్‌లో దీనివల్ల ఒరిగేదేమీ లేదు, అయినా చాలా కంపెనీలు ఆన్ చేసే పంపుతాయి. ఇలాంటి యంత్రాల్లో విండోస్‌నే కొత్తగా వేయబోయినా 'డిస్కులు లేవు' అంటుంది, ఆర్‌ఎస్‌టీ డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి అందించాల్సి వస్తుంది. కాబట్టి ఇందులో తప్పంతా లినక్స్ నెత్తిన వేయనక్కర్లేదు. కొత్త కెర్నళ్లలో వీఎండీ డ్రైవర్ ఉంది, 24.04తో డిస్కు దానంతటదే కనిపించే అవకాశమూ ఉంది. కనిపించకపోయినా, మళ్లీ ఆర్‌ఎస్‌టీ ఆపమన్నా, బయోస్‌లో వీఎండీ ఆపేయడమే దారి.

అయితే నేరుగా బయోస్‌లోకి వెళ్లి ఆపేస్తే విండోస్ నీలం తెర వేసి 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్' అంటుంది. విండోస్ బూట్ అయ్యేది వీఎండీ డ్రైవర్‌తో. అది పోయాక మామూలు ఎన్‌వీఎంఈ డ్రైవర్‌ని ఎత్తుకోవాలని దానికి తెలియదు. సేఫ్ మోడ్‌లో ఒక్కసారి లేపితే ఆ డ్రైవర్‌ని తనే ఎత్తుకుంటుంది. ఇక్కడ వరస తప్పకూడదు.

మొట్టమొదట బిట్‌లాకర్, అంటే డిస్కుకి విండోస్ వేసే తాళం. సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ' కింద 'డివైస్ ఎన్‌క్రిప్షన్' చూడండి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో మీరు అడక్కుండానే ఇది ఆన్ అయి ఉండొచ్చు. ఆన్‌లో ఉండగా బయోస్ మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది చేతిలో లేకపోతే ప్రాజెక్టు ఫైళ్లతో సహా అన్నీ తాళం లోపలే ఉండిపోతాయి. మైక్రోసాఫ్ట్ ఖాతా పేజీలో ఆ కీ ఉంటుంది. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి, ఆ తర్వాత ఎన్‌క్రిప్షన్ ఆపేయండి. డిస్కు నిండుగా ఉంటే విప్పడానికి చాలాసేపు పడుతుంది. చార్జర్ పెట్టి వదిలేయండి, మధ్యలో కదపొద్దు. ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులోకి ఎలాగూ కాపీ చేసుకుంటారు కదా, అదీ ఇప్పుడే.

రెండోది లినక్స్‌కి చోటు. స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్, 'ష్రింక్ వాల్యూమ్', 81920 అని టైప్ చేయండి. అది 80 జీబీ. మీ 512లో అంత ఇవ్వొచ్చు. మరీ తగ్గించాలనుకుంటే 60కి తగ్గకండి. వచ్చిన ఖాళీని ఫార్మాట్ చేయకుండా 'అనలొకేటెడ్'గానే ఉంచండి. సీ డ్రైవ్‌లో 200 జీబీ ఖాళీ ఉన్నా 10 జీబీకి మించి తగ్గించనంటే, కదపలేని ఫైళ్లు మధ్యలో అడ్డున్నాయని అర్థం. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్ హెచ్, ఖాళీ, ఆఫ్ అని కొట్టండి. హైబర్నేషన్ ఫైలు పోతుంది, దాంతోపాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది. ఫాస్ట్ స్టార్టప్ ఎలాగూ ఆపాల్సిందే. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, లినక్స్ నుంచి సీ డ్రైవ్ తెరిస్తే చదవడమే గానీ రాయడం కుదరదు.

మూడోది సేఫ్ మోడ్. విండోస్ కీ, ఆర్ నొక్కి ఎంఎస్‌కాన్ఫిగ్ అని కొట్టండి. 'బూట్' ట్యాబ్‌లో 'సేఫ్ బూట్' టిక్ పెట్టి, కింద 'మినిమల్' ఎంచుకుని, ఓకే కొట్టి రీస్టార్ట్ చేయండి. రీస్టార్ట్ అవుతుండగానే ఎఫ్2 (కొన్నిట్లో ఎఫ్10 లేదా డిలీట్) నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లి వీఎండీని 'డిజేబుల్డ్' చేయండి. కొన్ని ల్యాప్‌టాప్‌ల్లో వీఎండీ అన్న మాటే ఉండదు. స్టోరేజ్ కింద 'రైడ్ ఆన్', 'ఏహెచ్‌సీఐ' అని రెండు ఉంటాయి, రెండోది ఎంచుకోండి. ఎఫ్10తో సేవ్ చేస్తే విండోస్ సేఫ్ మోడ్‌లో లేస్తుంది. అక్కడ పిన్ పనిచేయకపోవచ్చు, ఖాతా పాస్‌వర్డ్ గుర్తుంచుకోండి. లాగిన్ అయ్యాక మళ్లీ ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ఆ టిక్ తీసేసి రీస్టార్ట్ చేస్తే విండోస్ ఎప్పటిలాగే వస్తుంది. డివైస్ మేనేజర్‌లో చూడండి, ఆ 467ఎఫ్ లైను మాయమై ఉంటుంది.

వరస తప్పి నీలం తెర వచ్చినా కంగారు పడొద్దు. డిస్కులో ఏమీ చెరిగిపోలేదు. బయోస్‌లో వీఎండీ మళ్లీ ఆన్ చేస్తే విండోస్ లేస్తుంది, అప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టొచ్చు. నిజంగా భయపడాల్సింది రెండు సందర్భాల్లోనే. ఒకటి, రెండు డిస్కుల్ని రైడ్‌గా కలిపి వాడుతున్న యంత్రం. అక్కడ వీఎండీ ఆపితే ఆ జోడీ విడిపోతుంది. రెండోది, హార్డ్‌డిస్కుకి ఆప్టేన్ మెమరీ తగిలించిన పాత యంత్రం. అక్కడ ముందుగా విండోస్‌లోని ఇంటెల్ యాప్‌లో ఆప్టేన్‌ని ఆపాలి. మీది ఒక్క ఎస్‌ఎస్‌డీయే కాబట్టి ఈ రెండూ మీకు వర్తించవు.

బయోస్‌లో ఆ ఎంపికే కనపడకపోతే? ఏసర్ ల్యాప్‌టాప్‌ల్లో అది దాగి ఉంటుంది. 'మెయిన్' ట్యాబ్‌లో ఉండి కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే వీఎండీ లైను బయటపడుతుంది. ఆసుస్‌లో 'అడ్వాన్స్‌డ్' కింద 'వీఎండీ సెటప్ మెనూ' ఉంటుంది. డెల్‌లో 'స్టోరేజ్' కింద చూడాలి. కొన్ని మోడళ్లలో తయారీదారు ఆ ఎంపికని అసలు ఇవ్వలేదు. అక్కడ వీఎండీ డ్రైవర్ ఉన్న కొత్త కెర్నల్ ఒక్కటే ఆధారం.

ఇప్పుడు పెన్‌డ్రైవ్. ఐఎస్‌ఓ 6 జీబీ దాకా ఉంటుంది కాబట్టి కనీసం 8 జీబీది కావాలి, 16 జీబీది అయితే మేలు. రాసేముందు ఐఎస్‌ఓ పూర్తిగా దిగిందో లేదో ఎస్‌హెచ్‌ఏ256 విలువతో (ఫైలుకి వేలిముద్ర లాంటిది) సరిచూడండి. హార్డ్‌వేర్ తప్పు అనుకునే వాటిలో చాలా భాగం సగం దిగిన ఐఎస్‌ఓలూ, అరిగిపోయిన పెన్‌డ్రైవ్‌లే. ఐఎస్‌ఓని పెన్‌డ్రైవ్‌లోకి రాసే రూఫస్‌లో పార్టిషన్ స్కీమ్ జీపీటీ, టార్గెట్ సిస్టమ్ యూఈఎఫ్‌ఐ ఉంచండి. ఐఎస్‌ఓ మోడా డీడీ మోడా అని అడిగితే ముందు ఐఎస్‌ఓ. దాంతో బూట్ కాకపోతే డీడీ.

బూట్ చేయగానే వచ్చే మెనూలో 'ట్రై ఆర్ ఇన్‌స్టాల్ ఉబుంటు' కింద 'ఉబుంటు (సేఫ్ గ్రాఫిక్స్)' అని ఇంకో లైను ఉంటుంది. మీరు నొక్కాల్సింది అదే. (మింట్‌లో దాని పేరు 'కంపాటిబిలిటీ మోడ్'.) నల్ల తెర ఎందుకొస్తోందంటే, కెర్నల్ లేస్తూ లేస్తూనే ఎన్విడియా చిప్‌ని నూవో అనే ఓపెన్‌సోర్స్ డ్రైవర్‌కి అప్పగిస్తుంది. ఆ డ్రైవర్‌కి కొత్త చిప్‌లతో పొసగకపోతే తెర అక్కడే ఆగిపోతుంది. వెనక సిస్టమ్ నడుస్తూనే ఉంటుంది, మీకు కనిపించదంతే. సేఫ్ గ్రాఫిక్స్ చేసేదల్లా కెర్నల్‌కి నోమోడ్‌సెట్ అనే ఒక్క మాట అందించడం. దాంతో గ్రాఫిక్స్ డ్రైవర్లు పక్కకు తప్పుకుంటాయి, బయోస్ ఇచ్చిన సాదా తెరతోనే పని నడుస్తుంది. బొమ్మ కాస్త మొద్దుగా ఉంటుంది, ఇన్‌స్టాల్ చేయడానికి అది చాలు.

ఇన్‌స్టాలర్‌లో డిస్కు దగ్గరికొచ్చాక 'ఇరేజ్ డిస్క్' జోలికి పోకండి, విండోస్ పోతుంది. 'మాన్యువల్' ఎంచుకుని, ఆ 80 జీబీ ఖాళీ మీద ఈఎక్స్‌టీ4 పార్టిషన్ చేసి, మౌంట్ పాయింట్‌గా ఒక్క స్లాష్ ఇవ్వండి. డిస్కు మొదట్లో 100 నుంచి 260 ఎంబీ ఉండే ఎఫ్‌ఏటీ32 ముక్క ఈఎఫ్‌ఐ పార్టిషన్. విండోస్ బూట్ ఫైళ్లు అందులోనే ఉంటాయి. దాన్ని వాడుకోనివ్వండి, ఫార్మాట్ టిక్ మాత్రం పెట్టొద్దు.

ఇన్‌స్టాల్ అయ్యాక మొదటిసారి బూట్ చేస్తే మళ్లీ నల్ల తెర రావచ్చు. పెన్‌డ్రైవ్ మెనూలో ఎంచుకున్న సేఫ్ గ్రాఫిక్స్ డిస్కులోని సిస్టమ్‌కి వర్తించకపోతే ఇలా అవుతుంది. గ్రబ్ మెనూలో (ఆన్ చేయగానే ఉబుంటా విండోసా అని అడిగేది) ఉబుంటు లైను మీద ఉండి ఇంగ్లిష్ 'ఈ' అక్షరం నొక్కండి. లినక్స్ అన్న పదంతో మొదలయ్యే పొడవాటి లైను చివర 'క్వయట్ స్ప్లాష్' అని ఉంటుంది. దాని పక్కన ఒక ఖాళీ వదిలి, ఎన్-ఓ-ఎం-ఓ-డీ-ఈ-ఎస్-ఈ-టీ అని చిన్న అక్షరాల్లో కలిపి రాయండి, ఎఫ్10 నొక్కండి. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే. లోపలికెళ్లి 'అడిషనల్ డ్రైవర్స్' తెరిచి, 'రికమెండెడ్' లేదా 'టెస్టెడ్' అని రాసి ఉన్న ఎన్విడియా డ్రైవర్ ఎంచుకుని, వేసుకుని రీస్టార్ట్ చేయండి. ఆ తర్వాత నోమోడ్‌సెట్ అక్కర్లేదు, ఉంచకూడదు కూడా. చాలామంది 'పనిచేస్తోంది కదా' అని దాన్ని శాశ్వతంగా వదిలేస్తారు. ఆ తర్వాత బ్రైట్‌నెస్ మారడం లేదనీ, హెచ్‌డీఎంఐ రావడం లేదనీ, వీడియో చూస్తే ఫ్యాన్ హోరెత్తుతోందనీ వాపోతారు. ఆ మాట ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్‌ని కూడా ఆపేస్తుంది మరి.

సెక్యూర్ బూట్ (సంతకం లేని డ్రైవర్లని ఆపే రక్షణ) ఆన్‌లో ఉంటే, ఇన్‌స్టాలర్‌లో థర్డ్ పార్టీ డ్రైవర్ల టిక్ పెట్టినప్పుడో తర్వాతో ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడగొచ్చు. అడిగితే తర్వాతి బూట్‌లో నీలం తెర మీద 'పెర్ఫామ్ ఎంఓకే మేనేజ్‌మెంట్' అని వస్తుంది. పది సెకన్లలోపు ఏదో ఒక కీ నొక్కి, 'ఎన్‌రోల్ ఎంఓకే', 'కంటిన్యూ', 'ఎస్' అని వెళ్లి, ఆ పాస్‌వర్డే ఇవ్వాలి. అది ఏదో ఎర్రర్ అనుకుని వదిలేస్తే డ్రైవర్ డిస్కులో ఉన్నా కెర్నల్ దాన్ని లోపలికి రానివ్వదు. ఈ తలనొప్పి వద్దనుకుంటే సెక్యూర్ బూట్ ఆపేయొచ్చు. అదీ బిట్‌లాకర్ సంగతి తేల్చాకే. ఏసర్‌లో సెక్యూర్ బూట్ లైను బూడిద రంగులో ఉండి మారకపోతే, ముందు 'సూపర్‌వైజర్ పాస్‌వర్డ్' పెట్టండి, అప్పుడు మారుతుంది.

వైఫైకి వద్దాం. మీ కార్డు ఆర్‌టీఎల్8852బీఈ అయితే దాని డ్రైవర్ 6.2 కెర్నల్‌లో చేరింది. 5.15లో లేకపోవడం వింతేమీ కాదు, 24.04లో దానంతటదే వస్తుంది. ఇంకేదైనా కార్డు రాకపోతే, వేరే డ్రైవర్ దించుకోవడానికి నెట్ కావాలి, నెట్‌కి డ్రైవర్ కావాలి. ఈ చిక్కుముడికి ఆండ్రాయిడ్ ఫోన్ చాలు. డేటా కేబుల్‌తో (చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ కాదు) కలిపి, ఫోన్‌లో హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేయండి. లినక్స్‌కి అది వైర్డ్ నెట్‌వర్క్‌గా కనిపిస్తుంది. ఏ డ్రైవరూ వేయక్కర్లేదు.

14సీ3, 7902 వచ్చినవాళ్ల పరిస్థితి వేరు. 24.04తో మొదట వచ్చిన 6.8లోనే కాదు, 6.14లోనూ దానికి డ్రైవర్ లేదు. ఎవరో రాసిన ప్యాచ్‌ల వెంట పడి రోజులు పోగొట్టుకునే బదులు కార్డే మార్చేయమని మా సలహా. మదర్‌బోర్డుకి అతికించేసిన మోడళ్లు కాకపోతే, వెనక మూత విప్పి ఒక్క స్క్రూ తీస్తే వచ్చే ఎం.2 2230 కార్డు అది. ఇంటెల్ ఏఎక్స్210 కొనండి. ఏఎక్స్201, ఏఎక్స్211 కొనొద్దు. అవి చూడటానికి అలాగే ఉంటాయి గానీ సగం పని ఇంటెల్ ప్రాసెసర్‌లోని భాగంతో చేయిస్తాయి, అన్ని బోర్డుల్లోనూ నడవవు. ఏఎండీ ల్యాప్‌టాప్‌లో అయితే అసలే నడవవు. పాత కార్డుకి ఉన్న రెండు సన్నటి యాంటెనా తీగల్ని పైకి నిటారుగా లాగి ఊడదీయాలి, పక్కకి లాగితే తల ఊడి చేతికొస్తుంది. వారంటీలో ఉంటే మూత విప్పేముందు సర్వీస్ సెంటర్‌ని అడగండి.

ఇవన్నీ చేశాక కూడా మధ్యలో ఆగితే తెర మీద ఉన్న మాటని బట్టి పోవాలి. 'స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఎర్రర్' లేదా 'ఎర్రర్ నంబర్ 5, ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్' అంటే డ్రైవర్ల గొడవ కాదు. పెన్‌డ్రైవ్, ర్యామ్, డిస్కు, ఈ మూడిట్లో ఏదో ఒకటి చదవలేకపోతోంది. వేరే పెన్‌డ్రైవ్ మార్చి చూడండి. అయినా వస్తే మెమ్‌టెస్ట్86 ప్లస్‌తో ర్యామ్‌ని ఒక పూర్తి రౌండు పరీక్షించండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్ నమ్మదగింది కాదు. 'బిజీబాక్స్' అని చూపి, 'లైవ్ ఫైల్ సిస్టమ్ ఉన్న మీడియం దొరకలేదు' అంటే పెన్‌డ్రైవ్‌ని వేరే పోర్టులోకి మార్చండి, హబ్ ఉంటే తీసేయండి. 'పీసీఐఈ బస్ ఎర్రర్, సివియారిటీ కరెక్టెడ్' అని లైన్లు వానలా కురుస్తుంటే, నోమోడ్‌సెట్ రాసిన చోటే పీసీఐ, ఈక్వల్ గుర్తు, ఎన్-ఓ-ఏ-ఈ-ఆర్ అని ఖాళీలు లేకుండా రాయండి. కరెక్టెడ్ అంటే ఆ లోపం సర్దుకుపోయింది. కానీ ఆ సందేశాలే లాగ్ ఫైళ్లలో చేరి డిస్కుని నింపేస్తాయి. దాన్ని ఆపాలి.

డెస్క్‌టాప్‌లో వచ్చింది ఇంకో రకం. ఆ ప్యానిక్ మీద కాస్త పైకి చూడండి. 'ఫేటల్ జీలిబ్‌సీ ఎర్రర్: సీపీయూ డజ్ నాట్ సపోర్ట్ ఎక్స్86-64-వీ2' అన్న లైను ఉంటుంది. రెడ్‌హ్యాట్ 9నీ, దాని బాటలో నడిచే ఆల్మా 9నీ కంపైల్ చేసిందే కొన్ని కొత్త ఆదేశాలు (ఇన్‌స్ట్రక్షన్లు) తెలిసిన ప్రాసెసర్ ఉంటుందన్న లెక్కతో. అందులో ఎస్‌ఎస్‌ఈ4.2 ఒకటి. ఈ7500లో ఎస్‌ఎస్‌ఈ4.1 వరకే ఉంది. ఎస్‌ఎస్‌ఈ4.2 లేని ప్రాసెసర్ మీద మొట్టమొదటి ప్రోగ్రామే లేవలేక పడిపోతుంది, కెర్నల్ 'ఇనిట్ పోయింది' అని ప్యానిక్ అవుతుంది. ఇది డ్రైవర్ కాదు వేసుకోవడానికి, సెట్టింగ్ కాదు మార్చుకోవడానికి. బూట్ లైన్లో ఏం రాసినా ఫలితం ఉండదు. వేరే ఏ యంత్రం మీదైనా ముందే తెలుసుకోవాలంటే, ఏదో ఒక లైవ్ లినక్స్‌లో ఎల్ఎస్‌సీపీయూ అని కొట్టి 'ఫ్లాగ్స్' వరసలో ఎస్‌ఎస్‌ఈ4_2 ఉందేమో చూడండి. 2025లో వచ్చిన రెడ్‌హ్యాట్ 10 ఇంకో మెట్టు పైకెళ్లి వీ3 అడుగుతుంది. దానికి ఏవీఎక్స్2 కావాలి, ఇంటెల్‌లో అయితే 2013 నాటి హాస్‌వెల్ నుంచి మొదలు.

ఆ డెస్క్‌టాప్‌లో ఆల్మా 8 ఎక్కుతుంది, దానికి భద్రతా అప్‌డేట్లు 2029 దాకా ఉన్నాయి. కమాండ్లు అలవాటు చేసుకోవడానికి, యూజర్లూ పర్మిషన్లూ ఎల్‌వీఎం నేర్చుకోవడానికి అది చాలు. కానీ కోర్సు 9 మీదో 10 మీదో అయితే మీ అన్నయ్యని డెస్క్‌టాప్ ముందు కూర్చోబెట్టొద్దు. మీ ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్ లాంటిది) పెట్టండి. బయోస్‌లో 'ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ' ఆన్ చేసి, వర్చువల్‌బాక్స్‌లో 2 జీబీ ర్యామ్, రెండు కోర్లు, 20 జీబీ డిస్కు ఇస్తే ఆల్మా 9 హాయిగా నడుస్తుంది. 12వ తరం ఐ5లో ఏవీఎక్స్2 ఉంది కాబట్టి 10 కూడా ఎక్కుతుంది. వర్చువల్‌బాక్స్ బదులు క్యూఈఎంయూ, కేవీఎం వాడితే మాత్రం ఒక జాగ్రత్త. సీపీయూ మోడల్ క్యూఈఎంయూ64 అని ఉంటే కొత్త ల్యాప్‌టాప్ మీదా అచ్చం అదే జీలిబ్‌సీ ఎర్రర్ వస్తుంది. దాన్ని 'హోస్ట్ పాస్‌త్రూ'కి మార్చండి.

డెస్క్‌టాప్‌ని పారేయక్కర్లేదు. ఒక సాటా ఎస్‌ఎస్‌డీ తగిలించి మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేస్తే 4 జీబీలో బ్రౌజింగ్‌కీ, టైపింగ్‌కీ బాగానే నడుస్తుంది. ఉబుంటు, మింట్, డెబియన్ ఇంకా మొదటి తరం 64 బిట్ ప్రాసెసర్లనీ ఒప్పుకుంటున్నాయి. వాటికి ఎస్‌ఎస్‌ఈ4.2తో పనిలేదు.